లంచ్ బ్రేక్‌ని నిజంగా బ్రేక్‌లా తీసుకోవడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

మా పాత ఆఫీస్‌లో నా పక్క సీట్లో ఒక మేడమ్ ఉండేవారు, నాకంటే పదిహేనేళ్లు సీనియర్. ఒంటిగంట కాగానే ఆవిడ పసుపు రంగు స్టికీ నోట్ ఒకటి తీసి, దాని మీద రెండు లైన్లు గబగబా రాసి, కీబోర్డ్ మీద సరిగ్గా మధ్యలో అంటించి, మానిటర్ ఆపేసి లేచిపోయేవారు. వెళ్తూ వెళ్తూ నన్ను "ఏమ్మా, తిన్నావా?" అని అడిగేవారు, నేనేమో "తింటానండీ, ఈ ఒక్క మెయిల్ పంపేసి వస్తా" అనేదాన్ని. ఆ ఒక్క మెయిల్‌కి రిప్లై వచ్చేది, ఆ రిప్లై మీద ఒక కాల్, ఆ కాల్ అయ్యేసరికి మూడున్నర. బాక్స్ పక్కనే మూత తీసి ఉండేది, మూత లోపల పట్టిన ఆవిరి చుక్కలు కూడా ఆరిపోయేవి. అప్పటికి ఆకలి చచ్చిపోయేది, చల్లారిపోయినదాన్ని నాలుగు ముద్దలు ఎలాగో గొంతు దింపి, ఒక చెయ్యి మౌస్ మీదే ఉంచి ఇంకో చేత్తో మూత పెట్టేసేదాన్ని.

దాదాపు నాలుగేళ్లు ఇలాగే నడిచింది. కడుపులో మంట, సాయంత్రానికి తలనొప్పి, ఇంటికెళ్లాక ఎవరు ఏం మాట్లాడినా విసుక్కోవడం, ఇవన్నీ రోజూ ఉండేవే అయిపోయాక డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మధ్యాహ్నం ఎన్నింటికి తింటారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఒక్కో రోజు ఒక్కో టైమ్, కొన్ని రోజులు అసలు లేనే లేదు.

ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నా. నాకు అర్థమైంది ఏంటంటే, లంచ్ బ్రేక్ మొత్తం ఆ మొదటి ఒక్క నిమిషంలోనే నిలబడుతుంది లేదా పోతుంది. లేవాల్సిన నిమిషంలో లేస్తే మిగతాదంతా దానంతటదే జరుగుతుంది, అప్పుడు లేవలేదా ఇంక ఆ రోజుకి అంతే. కాబట్టి కింద చెప్పినవాటిలో సగం ఆ ఒక్క నిమిషాన్ని కాపాడుకోవడం గురించే.

ముందు కొంచెం, లోపల ఏం జరుగుతుందో

మన ప్రమేయం లేకుండా నడిచే నాడీ వ్యవస్థకి రెండు వైపులు ఉంటాయి. ఒకటి పరిగెత్తడానికి, పోట్లాడటానికి శరీరాన్ని సిద్ధం చేసేది, ఇంకోటి కుదురుగా ఉన్నప్పుడు అరుగుదల చూసుకునేది. టెన్షన్‌లో ఉన్నప్పుడు మొదటిది ముందుకొస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు ఎక్కువ వెళ్తుంది, కడుపు పని వెనక్కి పోతుంది. డెడ్‌లైన్ మెయిల్ చదువుతూ తినేటప్పుడు జరిగేది ఇదే, తిండి లోపలికి వెళ్తుంది గానీ దాన్ని అరిగించుకునే స్థితిలో శరీరం ఉండదు. కడుపు ఉబ్బరం, మంట, పుల్లటి తేన్పులు ఇలా గబగబా తినేవాళ్లకి ఎక్కువ రావడంలో వింతేం లేదు.

ఇంకోటి, కడుపు నిండిందన్న కబురు మెదడుకి వెంటనే అందదు. కడుపు సాగడం వల్ల వేగస్ నరం ద్వారా వెళ్లే సిగ్నల్స్, పేగుల నుంచి విడుదలయ్యే హార్మోన్లు, ఇవన్నీ కలిసి "ఇక చాలు" అనిపించడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఏడెనిమిది నిమిషాల్లో తినేసేవాళ్లకి ఆ కబురు అందేలోపే ప్లేట్ ఖాళీ అవుతుంది, అందుకే ఎక్కువ తినేస్తాం, తర్వాత భుక్తాయాసం. స్క్రీన్ చూస్తూ తింటే ఇంకో ఇబ్బంది ఉంది, ఎంత తిన్నామో మనసులో సరిగ్గా నమోదు కాదు, అప్పటికప్పుడు ఎక్కువ తినడమే కాదు, సాయంత్రం చిరుతిళ్ల దగ్గర కూడా ఎక్కువ తింటారని చాలా పరిశోధనల్లో తేలింది. మూడున్నరకి తిన్న రోజుల్లో ఏం తిన్నానో నాకే సాయంత్రానికి గుర్తుండేది కాదు.

స్టెప్ 1: ఐదు రోజులు ఊరికే రాసుకోండి

ఏదీ మార్చకండి ఈ వారం. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి రోజూ నాలుగే ముక్కలు రాయండి: ఎన్నింటికి తినడం మొదలుపెట్టారు, ఎంతసేపు తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు, మధ్యలో ఏం అడ్డొచ్చింది. అంతే.

నాకు ఈ లిస్ట్ చూశాక ఆశ్చర్యం వేసింది. పని ఎక్కువ కాబట్టి తినలేకపోతున్నా అనుకునేదాన్ని, తీరా చూస్తే ఐదు రోజుల్లో మూడు రోజులు అడ్డొచ్చింది పన్నెండున్నరకి మొదలయ్యే ఒకే ఒక్క మీటింగ్, అది ప్రతిసారీ సాగి సాగి ఒకటిన్నర దాటేది, ఆ తర్వాత ఇంకో మీటింగ్. అంటే సమస్య నా పని కాదు, ఒక మీటింగ్ టైమ్. మీకు ఇంకేదో ఉండొచ్చు, కస్టమర్ ఫోన్లు కావచ్చు, క్యాంటీన్‌లో క్యూ కావచ్చు, మైక్రోవేవ్ దగ్గర పది నిమిషాల లైన్ కావచ్చు, "అందరూ కూర్చునే ఉన్నారు నేనొక్కదాన్నే ఎలా లేవను" అనే మొహమాటం కూడా కావచ్చు. ఏదైనా సరే, అసలు కారణం కాగితం మీద కనిపిస్తే గానీ దాన్ని సరిచేయలేం.

స్టెప్ 2: మీకు రావాల్సింది ఎంతో తెలుసుకోండి

చాలామంది లంచ్ బ్రేక్ అంటే ఆఫీస్ దయతలిచి ఇచ్చేది అనుకుంటారు. చాలా దేశాల్లో అది చట్టం ఇచ్చినది. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పని గంటల ఆదేశం ప్రకారం రోజు పని ఆరు గంటలు దాటితే విరామం ఉండి తీరాలి. బ్రిటన్‌లో 1998 నిబంధనలు ఆరు గంటలు దాటి పనిచేసేవాళ్లకి కనీసం 20 నిమిషాలు ఆటంకం లేకుండా ఇవ్వమంటాయి, పైగా ఆ టైమ్ తన పని సీటుకి దూరంగా గడిపే హక్కు కూడా ఉందని అందులోనే ఉంది. జపాన్‌లో 1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం ఆరు గంటలు దాటితే 45 నిమిషాలు, ఎనిమిది దాటితే గంట. మన దగ్గర 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకి మించి ఏకధాటిగా పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని రాసింది. ఫ్రాన్స్ అయితే ఇంకో అడుగు ముందుకెళ్లింది, పనిచేసే చోటే ఉద్యోగుల్ని భోజనం చేయనివ్వకూడదని అక్కడి కార్మిక నియమావళిలోనే ఉంది, కోవిడ్ టైమ్‌లో 2021లో దూరం పాటించడం కోసం తాత్కాలికంగా సడలించారు.

అమెరికాలో ఫెడరల్ చట్టం లంచ్ బ్రేక్ ఇచ్చి తీరాలని చెప్పదు, కొన్ని రాష్ట్రాలు మాత్రం చెప్తాయి. అయితే అక్కడి ఫెడరల్ నిబంధనల్లో ఒక మాట నాకు బాగా నచ్చింది. భోజన విరామం అనిపించుకోవాలంటే ఉద్యోగిని పని నుంచి పూర్తిగా వదిలేయాలి, డెస్క్ దగ్గరే కూర్చుని తినాలని చెప్తే ఆ ఉద్యోగి తింటూ కూడా పని చేస్తున్నట్టే లెక్క అని స్పష్టంగా రాశారు. మీ దగ్గర చట్టం ఏదైనా, మీకు మీరు ఈ కొలత పెట్టుకోవచ్చు: ఎవరైనా పిలిస్తే పలకాల్సిన చోట కూర్చుని తింటుంటే అది బ్రేక్ కాదు.

మీ అపాయింట్‌మెంట్ లెటర్, హెచ్‌ఆర్ పాలసీ ఒకసారి తీసి చదవండి. చాలావాటిలో విరామం ఎంతో నిమిషాలతో సహా ఉంటుంది. ఎవరితోనూ గొడవకి వెళ్లమని కాదు, లేచేటప్పుడు తప్పు చేస్తున్నామన్న ఫీలింగ్ పోవడానికి ఆ ఒక్క లైన్ చాలు.

స్టెప్ 3: టైమ్ ఒకటి ఖాయం చేసుకుని అందరికీ కనిపించేలా పెట్టండి

పొద్దున తిన్న నాలుగైదు గంటలకి మధ్యాహ్న భోజనం అనుకోండి. ఎనిమిదిన్నరకి తింటే ఒంటిగంట దగ్గర, తొమ్మిదిన్నరకి తింటే రెండు లోపు. ఇంకా ఆలస్యం చేస్తే ఆకలి ముదిరిపోయి, కూర్చోగానే ఆవురావురుమంటూ తినేస్తాం.

మధ్యాహ్నం సుమారు ఒంటిగంట నుంచి మూడు మధ్యలో శరీరం దానంతట అదే కాస్త మందగిస్తుంది, ఇది మన లోపలి గడియారంలో ఉన్న తీరు, తినకపోయినా వస్తుంది, ఎక్కువ తింటే ఇంకా గట్టిగా వస్తుంది. కాబట్టి ఎలాగూ బుర్ర నెమ్మదించే టైమ్‌లోనే బ్రేక్ పెట్టుకుంటే పోయేదేం లేదు. ఆ టైమ్‌లో కూర్చుని బలవంతంగా చేసిన పనిలో తప్పులు వెతుక్కుంటూ సాయంత్రం ఎంతసేపు పోతుందో స్టెప్ 1 నోట్‌లో పక్కన రాసి చూడండి, నేను రాశా, అందుకే చెప్తున్నా.

క్యాలెండర్‌లో రోజూ రిపీట్ అయ్యేలా 45 నిమిషాల బ్లాక్ పెట్టండి, పేరు "లంచ్" అనే పెట్టండి, "బిజీ" అని పెడితే జనం దాని మీదే మీటింగ్ వేసేస్తారు. ఎవరైనా అదే టైమ్‌కి పిలిస్తే ఊరుకోకుండా వేరే టైమ్ చెప్పండి. నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: "ఒంటిగంట నుంచి ఒకటీ నలభై ఐదు దాకా లంచ్‌లో ఉంటానండి, పన్నెండుంబావుకి గానీ రెండింటికి గానీ పెట్టగలరా?" సారీ చెప్పలేదు, కారణాలు చెప్పలేదు, రెండు టైమ్‌లు ఇచ్చా. పదిసార్లలో ఎనిమిదిసార్లు "ఓకే, రెండింటికి" అనే రిప్లై వస్తుంది. మిగతా రెండుసార్లు నిజంగా అర్జెంట్ అయి ఉంటుంది, ఆ రోజు బ్రేక్ ముందుకో వెనక్కో జరపండి, తీసేయకండి.

మేనేజర్‌తో ఒకసారి నేరుగా మాట్లాడటం ఇంకా మంచిది. "సర్, నేను రోజూ ఒంటిగంటకి లంచ్‌కి వెళ్తా, ఒకటీ నలభై ఐదుకల్లా సీట్లో ఉంటా, ఆ టైమ్‌లో ఏదైనా తప్పనిసరి అయితే ఫోన్ చేయండి, చాట్ మాత్రం చూడను" అని చెప్తే దానికి కాదనే మనుషులు తక్కువ. తిరిగొచ్చే టైమ్ చెప్పడం ముఖ్యం, అవతలివాళ్లకి కావాల్సింది ఎన్నింటికి దొరుకుతారో తెలియడమే.

స్టెప్ 4: లేవడానికి ముందు ఐదు నిమిషాలు (ఇది వదలకండి)

ఆ మేడమ్ స్టికీ నోట్ గుట్టు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నేను ఎప్పుడైనా లేచి ప్యాంట్రీకి వెళ్లినా బుర్ర మాత్రం స్క్రీన్ దగ్గరే ఉండేది, ఆ మెయిల్‌లో ఏం రాయాలి, ఆ లెక్క ఎక్కడ తప్పింది అని తింటూనే నలుగుతూ ఉండేదాన్ని. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీన్ని వివరించారు, ఒక పని సగంలో వదిలి ఇంకో దానికి వెళ్తే మన ధ్యాసలో కొంత భాగం పాతపనికే అతుక్కుని ఉండిపోతుందని. తర్వాత 2018లో ఇంకో పరిశోధనలో ఆవిడే మందు కూడా చెప్పారు: వదిలే ముందు ఎక్కడ ఆపాం, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి అన్నది ఒక్క నిమిషం రాసుకుంటే ఆ అతుకు వదులవుతుంది.

సరిగ్గా ఇదే ఆ మేడమ్ రోజూ చేసింది. ఒకరోజు ఆవిడ లేచాక ఆ కాగితం మీద ఏముందో చూశా. "వరస 214 దాకా సరిచూశాను. 215లో మొత్తం తేడా వస్తోంది, పాత ఫైల్‌తో పోల్చాలి." ఇంతే. పని ఎక్కడ ఆగిందో ఒక వాక్యం, మొదటి అడుగు ఏంటో ఇంకో వాక్యం.

మీరు చేయాల్సింది ఇలా. లంచ్‌కి ఐదు నిమిషాల ముందు అలారం పెట్టుకోండి, లంచ్ టైమ్‌కి పెట్టుకుంటే అప్పటికే ఏదో మధ్యలో ఉంటారు కాబట్టి అది మోగీ లాభం ఉండదు. అలారం మోగాక కొత్తది ఏదీ తెరవకండి, కొత్త మెయిల్ అస్సలు వద్దు, "ఒక్కటే" అనుకుని తెరిచినదే మన కొంప ముంచేది. చేతిలో ఉన్న వాక్యం పూర్తి చేయండి, ఫైల్ సేవ్ చేయండి, పైన చెప్పినట్టు రెండు లైన్లు రాయండి. పెన్నుతో కాగితం మీద రాసి కీబోర్డ్ మీద పెడితే మంచిది, కంప్యూటర్‌లో రాస్తే తిరిగొచ్చాక అది వెతకడానికి మళ్లీ నాలుగు విండోలు తెరవాలి. తర్వాత చాట్ స్టేటస్‌లో తిరిగొచ్చే టైమ్ పెట్టి స్క్రీన్ లాక్ చేసి లేవండి.

పని పూర్తయ్యాక లేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. పూర్తయ్యే పనులు ఆఫీస్‌లో తక్కువ. సగంలో వదలడం నేర్చుకుంటేనే లేవగలం, ఆ కాగితం ఉంది కాబట్టి సగంలో వదిలినా నష్టం లేదు.

స్టెప్ 5: కుర్చీ వదలండి

క్యాంటీన్, ప్యాంట్రీ, ఖాళీ మీటింగ్ రూమ్, మెట్ల పక్కన కిటికీ దగ్గర బెంచీ, ఎక్కడైనా పర్వాలేదు, మీ కీబోర్డ్ కనిపించకపోతే చాలు. అదే కుర్చీలో కూర్చుంటే మెడ, నడుము అదే వంపులో ఉంటాయి, కళ్లు అదే దూరంలో ఉన్న వెలుతురుని చూస్తూ ఉంటాయి. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కళ్లు పొడిబారి మండేది అందుకే, ఆరేడు మీటర్ల అవతల ఉన్నదాన్ని చూస్తూ తింటే కంటి కండరాలకి కూడా విశ్రాంతి దొరుకుతుంది. డెస్క్ దగ్గర కూర్చుంటే ఇంకో ఇబ్బంది, వచ్చేపోయేవాళ్లకి మీరు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తారు, "తింటున్నారా, తినండి తినండి, ఒక్క చిన్న డౌట్" అని మొదలుపెడతారు. వాళ్ల తప్పు లేదు, మీరు అక్కడున్నారు మరి.

లేచాక ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, కీబోర్డ్, మౌస్ ఎంత మంది తాకుతారో, ఎన్నాళ్లకి తుడుస్తారో తెలిసిందే.

ఫోన్ సంగతి. ఆఫీస్ చాట్ అదే ఫోన్‌లో ఉంటే ఫోన్ చూడటం అంటే ఆఫీస్ చూడటమే. కాల్స్ మాత్రం వచ్చేలా పెట్టి మిగతా నోటిఫికేషన్లు ఆపేసి బోర్లా పెట్టండి. మొదటి మూడు రోజులు చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది, నాలుగో రోజుకి కొంచెం తగ్గుతుంది.

స్టెప్ 6: తినడం

20 నిమిషాలు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. బాగా నమిలితే ఎలాగూ అంత టైమ్ పడుతుంది, మొదటి ఐదు ముద్దలు కావాలని నెమ్మదిగా తింటే మిగతావి అదే వేగంలో సాగుతాయి. గబగబా మింగితే పొలమారుతుంది, మాట్లాడుతూ మింగితే గాలి కూడా లోపలికి పోయి ఉబ్బరం. మాంసకృత్తులు, పీచు ఉన్నవి కాస్త ఎక్కువగా, ఉత్త పిండిపదార్థం తక్కువగా ఉంటే మధ్యాహ్నం మత్తు అంతగా ఉండదు. పొట్ట పట్టేంతా కాకుండా కొంచెం ఖాళీ ఉంచండి.

ఇంటి నుంచి బాక్స్ తెచ్చుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది, అందుకే వండినది బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, ఎండలు 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. పొద్దున ఏడింటికి వండింది ఒంటిగంట దాకా బ్యాగ్‌లో ఉంచుతున్నాం అంటే ఆలోచించాలి. ఆఫీస్ ఫ్రిజ్‌లో వెంటనే పెట్టండి, తినేముందు మధ్యలో ఒకసారి కలుపుతూ పొగలు కక్కేదాకా వేడి చేయండి, లేదా నిజంగా వేడి నిలిపే ఫ్లాస్క్ లాంటి డబ్బా వాడండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఇది సౌకర్యం విషయం కాదు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ భోజనం ఆలస్యం చేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, చేతులు వణకడం, చెమటలు పట్టడం, తికమకగా ఉండటం దాని గుర్తులు. అలాంటివాళ్లు పక్క సీటువాళ్లకి ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి, డ్రాయర్‌లో గ్లూకోజ్ లాంటిది పెట్టుకోండి, మీటింగ్ మధ్యలో అయినా లేచి తినండి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

స్టెప్ 7: తిన్నాక మిగిలిన టైమ్ మీది

ఇక్కడ నేను ఫలానాదే చేయండి అని చెప్పను. 2014లో టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు ఆఫీస్ ఉద్యోగుల లంచ్ బ్రేక్ మీద ఒక పరిశోధన ప్రచురించారు, అందులో తేలింది ఏంటంటే బ్రేక్‌లో ఏం చేశారన్నదానికంటే అది వాళ్లంతట వాళ్లు ఎంచుకున్నదా కాదా అన్నది సాయంత్రం అలసట మీద ఎక్కువ ప్రభావం చూపింది. నచ్చినవాళ్లతో కబుర్లు విశ్రాంతే, తప్పదు కాబట్టి బాస్‌తో కూర్చుని నవ్వుతూ తినడం మాత్రం ఇంకో డ్యూటీ. కాబట్టి ఒక్కోరోజు ఒంటరిగా తినాలనిపిస్తే ఒంటరిగా తినండి, "ఇవాళ కాసేపు ఒక్కదాన్నే కూర్చుంటానే" అని ఫ్రెండ్‌కి చెప్తే ఏమీ అనుకోరు. అందరితో కూర్చున్న రోజు ఆఫీస్ విషయాలు వద్దని ముందే అనుకోండి, ఎవరో ఒకరు మొదలుపెడితే మెల్లగా మాట మార్చండి.

నాకు పనికొచ్చింది పది నిమిషాల నడక. తిన్న తర్వాత కాసేపు నెమ్మదిగా నడిచినా రక్తంలో షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఉంటుంది, కాళ్ల కండరాలు దాన్ని వాడుకుంటాయి కాబట్టి. బయట వెలుతురులో నడిస్తే మత్తు కూడా వదులుతుంది. వేగంగా నడవాల్సిన పనిలేదు, బిల్డింగ్ చుట్టూ ఒక రౌండ్ చాలు.

కునుకు తీసే వీలున్నవాళ్లు 10 నుంచి 20 నిమిషాలకి అలారం పెట్టుకుని తీయండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారిపోయి లేచాక ఇంకా మబ్బుగా ఉంటుంది.

స్టెప్ 8: తిరిగొచ్చాక

సీట్లో కూర్చోగానే మెయిల్ తెరవకండి. కీబోర్డ్ మీద కాగితం ఉంది కదా, అందులో రాసింది మొదట చేయండి, పది నిమిషాలు అది నడిచాక మెయిల్, చాట్ చూడండి. నేను మొదట్లో ఇది పట్టించుకోలేదు, లంచ్ నుంచి రాగానే 30 మెసేజ్‌లు చూసి గుండె దడదడలాడి, రేపటి నుంచి లంచ్‌కే వెళ్లకూడదు అనిపించేది, తర్వాత చూస్తే ఆ 30లో నిజంగా నా కోసం ఉన్నవి మూడు.

కాఫీ, టీ తాగాలంటే ఇప్పుడే తాగండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఐదింటికి తాగితే రాత్రి పదింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది.

పని తీరు వేరైతే

కౌంటర్‌లో, హాస్పిటల్ వార్డులో, కాల్ సెంటర్‌లో, ఫ్యాక్టరీ లైన్‌లో ఉండేవాళ్లకి క్యాలెండర్ బ్లాక్ పనికిరాదు, వాళ్లకి కావాల్సింది ఇంకో మనిషి. షిఫ్ట్ మొదట్లోనే జోడీ కుదుర్చుకోండి, "నువ్వు పన్నెండున్నరకి వెళ్లు, నేను ఒంటిగంటకి వెళ్తా, అప్పటిదాకా నీది నేను చూసుకుంటా" అని. ఎవరు ఎవరిది చూస్తున్నారో బోర్డు మీద రాస్తే ఇంకా మంచిది. పేషెంట్‌ని గానీ కస్టమర్‌ని గానీ నోటితో అప్పగించి వెళ్లండి, అప్పగించకుండా వెళ్తే తింటున్నంతసేపూ మనసు అక్కడే ఉంటుంది. రోజంతా నిలబడే పని అయితే బ్రేక్‌లో కూర్చోండి, వీలైతే కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, నడక మీకు అక్కర్లేదు. డ్రైవింగ్ పని అయితే బండి ఆపి, దిగి తినండి, స్టీరింగ్ పట్టుకుని తినడం ప్రాణాల మీదకి తెస్తుంది. రాత్రి షిఫ్ట్‌లో అయితే అర్ధరాత్రి దాటాక అరుగుదల ఇంకా మందంగా ఉంటుంది, తేలిగ్గా తినండి, బ్రేక్ మాత్రం పూర్తిగా తీసుకోండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి లంచ్ బ్రేక్ పోవడం ఇంకా సులువు, లేచి వెళ్లాల్సిన చోటంటూ లేదు కదా. ల్యాప్‌టాప్ మూత మూసేయండి, పక్కకి జరపడం సరిపోదు. వేరే గదిలో తినండి, ఒకే గది అయితే కనీసం వేరే దిక్కుకి తిరిగి కూర్చోండి. ఆ 45 నిమిషాల్లో ఇంటి పనులు దూర్చకండి, బట్టలు ఆరేయడం, గిన్నెలు తోమడం కూడా డ్యూటీయే.

మీకు దొరికేదే 15 నిమిషాలైతే అందులో నడక, కబుర్లు ఇరికించకండి, పన్నెండు నిమిషాలు కూర్చుని తినండి, మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి.

టీమ్ లీడ్‌గానో మేనేజర్‌గానో ఉన్నవాళ్లు ఒకటి చేయాలి, ముందు మీరు లేవాలి. మీరు డెస్క్ దగ్గర తింటూ "మీరు బ్రేక్ తీసుకోండి" అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ లేవరు, వాళ్లు చూసేది మీ కుర్చీని. పన్నెండున్నర నుంచి రెండు మధ్యలో మీటింగ్‌లు వేయకండి, ఆ టైమ్‌లో వచ్చిన ఆలోచన మెసేజ్‌గా పంపాలనిపిస్తే రెండింటికి వెళ్లేలా షెడ్యూల్ చేయండి.

తప్పిపోయిన రోజు

నెలాఖరులోనో, ఏదో కుప్పకూలినప్పుడో బ్రేక్ పోతుంది, నాకూ పోతుంది. ఆ రోజు ఎన్నింటికి వీలైతే అన్నింటికి, నాలుగయినా సరే, పదిహేను నిమిషాలు లేచి వేరేచోట కూర్చుని తినండి, ఆలస్యమైంది కదా అని డెస్క్ దగ్గర తినేయకండి. మరీ లేటైతే భారీగా వద్దు, రాత్రి భోజనం కూడా పాడవుతుంది. తర్వాత స్టెప్ 1లో పెట్టుకున్న నోట్ తెరిచి ఒక లైన్ రాయండి, ఏది అడ్డొచ్చింది, ఎన్నింటికి అడ్డొచ్చింది అని. నా నోట్‌లో పోయిన మూడు నెలల్లో ఏడు లైన్లు ఉన్నాయి, ఏడింట్లో ఐదు గురువారాలే. ఆ గురువారం రివ్యూని పదకొండింటికి మార్చమని ఈ వారం అడగబోతున్నా.